రాష్ట్రానికీ చట్టానికీ ఒకే ఈడు

ఛత్తీస్‌గఢ్ పుట్టడానికి పక్షం రోజుల ముందే దేశంలో సైబర్ చట్టం అమల్లోకి వచ్చింది. పాతికేళ్లు గడిచాక అక్కడి కుర్రాళ్లు ఆ చట్టాన్ని ఎక్కడెక్కడ ఢీకొంటున్నారో తెలియాలంటే రాయపూర్ నుంచి అటూ ఇటూ ఒక రోజు తిరిగితే చాలు.

విశాఖలో రాత్రి ఎక్కిన కోర్బా ఎక్స్‌ప్రెస్ తెల్లారకముందే రాయపూర్‌లో దించేస్తుంది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా వచ్చే ఈ లైను 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర జనం మొదట రైల్వే పనులకూ, ఆ తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారానికీ ఈ దారినే వచ్చారు. స్టేషన్ బయట పోహా, జిలేబీ బండి దగ్గర శ్రీకాకుళం యాస చెవిన పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ మాటకొస్తే ఈ నేలతో తెలుగువారి బంధం రైలు కంటే చాలా పాతది. తెలుగు బ్రాహ్మణ కుటుంబానికి చెందిన వల్లభాచార్యుడు పుట్టిన చోటుగా భక్తులు కొలిచే చంపారణ్ ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది.

రాయపూర్ పాత ఊరే గానీ రాజధాని హోదా మాత్రం కొత్తది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. దానికి సరిగ్గా 15 రోజుల ముందు, అంటే అక్టోబరు 17న, దేశంలో సమాచార సాంకేతిక చట్టం అమల్లోకి వచ్చింది. అది యాదృచ్ఛికమే. అయినా ఈ రాష్ట్రంలో పుట్టి పెరిగిన మొదటి తరం, కంప్యూటర్ నేరాలకు చట్టం ఉన్న దేశంలో పుట్టిన మొదటి తరం కూడా. ఆ తరం వాళ్లిప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు చేతిలో ఫోన్లతో హైస్కూళ్లలో ఉన్నారు. వాళ్లలో కొందరి పేర్లు (నిజానికి పేర్లు కాదు, చట్టం ఒప్పుకోదు కాబట్టి వయసులు మాత్రమే) పోలీసు ప్రకటనల్లో కనిపించడం మొదలైంది.

నంబరే మనిషి
ఊరి నడిబొడ్డున జయస్తంభ్ చౌక్. అక్కడికి దగ్గర్లోనే రవి భవన్. ఫోన్లు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, విప్పేవాళ్లు, అతికించేవాళ్లు ఇరుకు వరండాల్లో ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతుంటారు. స్క్రీన్ పగిలిన ఫోను, కవరు లేని ఫోను, రెండు చేతులు మారిన ఫోను, దేనికైనా ఇక్కడ ధర ఉంటుంది. భూతద్దం కంటికి పెట్టుకుని సోల్డరింగ్ చేసే వాళ్లలో చాలామంది పాతికేళ్ల లోపువాళ్లే. ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ నేర్పని పనిని వాళ్లు చూసి నేర్చుకున్నారు. సందేహమొస్తే యూట్యూబ్ ఉండనే ఉంది.

ఈ రాష్ట్రంలోని పల్లెలకు ఫోను వచ్చిన తీరు కూడా ప్రత్యేకమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చౌక సరుకు చేసేసింది. 2018లో అప్పటి ముఖ్యమంత్రి రమణ్ సింగ్ ప్రభుత్వం 'సంచార్ క్రాంతి' పేరుతో సుమారు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు ఉచితంగా పంచేందుకు పథకం పెట్టింది. ఎక్కువ భాగం మహిళలకు, మిగతావి కాలేజీ విద్యార్థులకు అనుకున్నారు. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారడంతో పథకం మధ్యలోనే ఆగింది. అప్పటికే లక్షల ఇళ్లలోకి మొదటి స్మార్ట్‌ఫోను వచ్చేసింది. కాగితం మీద అది తల్లిది. ఇంట్లో దాన్ని వాడటం ముందుగా వచ్చింది మాత్రం పిల్లలకే.

ఫోను నంబరంటే ఏమిటో చెప్పే చిత్రమైన ఉదంతం ఒకటి 2025లో గరియాబంద్ జిల్లాలో జరిగింది. పల్లెటూరి కుర్రాడొకడు కొత్త సిమ్ కొన్నాడు. వాట్సాప్ తెరిస్తే క్రికెటర్ రజత్ పాటీదార్ ఫొటో కనిపించింది. ఆ తర్వాత తాము విరాట్ కోహ్లీ అనీ, ఏబీ డివిలియర్స్ అనీ చెప్పుకుంటూ కాల్స్ రావడం మొదలైంది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని కుర్రాడూ, అతని స్నేహితుడూ అదే ధోరణిలో జవాబులిచ్చారు. తీరా చూస్తే కాల్స్ నిజమైనవే. పాటీదార్ వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ నిబంధనల ప్రకారమే మరొకరికి ఇచ్చింది. చివరికి పోలీసులు కలగజేసుకుని సిమ్‌ను అసలు యజమానికి ఇప్పించారు. ఇందులో నేరమేమీ లేదు, తప్పెవరిదీ కాదు. కానీ నంబరు చేతికొస్తే మనిషి చేతికొచ్చినట్టేనని ఆ కుర్రాళ్లకు నయాపైసా ఖర్చు లేకుండా తెలిసిపోయింది. దాన్ని సరదాగా తీసుకుని సిమ్ తిరిగిచ్చేశారు. అందరూ అలా తిరిగివ్వరు.

జ్యూస్ షాపు నుంచి దుబాయి దాకా
రాయపూర్ నుంచి పడమటికి వెళ్లే జీఈ రోడ్డు, అంటే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, ఈ రాష్ట్రానికి వెన్నెముక. టాటీబంధ్ దగ్గర ఎయిమ్స్ దాటి, కుమ్హారీ మీదుగా 30 కిలోమీటర్లు వెళితే భిలాయ్. సోవియట్ యూనియన్ సాయంతో కట్టిన ఈ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. సెక్టార్లుగా విడదీసిన టౌన్‌షిప్, నీడనిచ్చే చెట్లు, కంపెనీ బడులు. తెలుగు, బెంగాలీ, మలయాళ కుటుంబాలు పక్కపక్క క్వార్టర్లలో పెరిగిన ఊరిది. ఐఐటీలకు పిల్లల్ని పంపడంలో దీనికి పేరుంది. మధ్యతరగతి భారతం తన గురించి చెప్పుకోవడానికి ఇష్టపడే కథ ఇలాంటి ఊళ్లదే.

2023 తర్వాత దేశం భిలాయ్ గురించి చెప్పుకున్న కథ మాత్రం వేరు. 'మహాదేవ్ బుక్' అనే బెట్టింగ్ యాప్ వెనకున్నది భిలాయ్‌కే చెందిన సౌరభ్ చంద్రాకర్, రవి ఉప్పల్ అని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అంటోంది. చంద్రాకర్ ఒకప్పుడు ఇదే ఊళ్లో జ్యూస్ షాపు నడిపాడు. 2023 ఫిబ్రవరిలో యూఏఈలో జరిగిన అతని పెళ్లికి సుమారు 200 కోట్ల రూపాయలు నగదుగా ఖర్చయిందన్నది ఈడీ ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో ఈడీ 417 కోట్ల రూపాయల విలువైన ఆస్తుల్ని స్వాధీనం చేసుకుంది. నవంబరులో కేంద్రం ఆ యాప్‌తో కలిపి 22 బెట్టింగ్ యాప్‌లు, సైట్లను నిషేధించింది. కేసు సీబీఐ చేతికి వచ్చాక, 2025 మార్చిలో మాజీ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఇంట్లోనూ సోదాలు జరిగాయి. ఇది రాజకీయ కక్ష అన్నది బఘేల్ వాదన. అదంతా కోర్టులు తేల్చాల్సిన విషయం.

రాజకీయాల రొదలో మరుగున పడింది మరొకటుంది. ఈడీ చెప్పిన ప్రకారం ఆ వ్యాపారం 'ప్యానెళ్ల' మీద నడిచింది. తెలిసినవాళ్లకు ఫ్రాంచైజీ ఇచ్చి, లాభాన్ని 70:30గా పంచుకునే పద్ధతి. ప్యానెలంటే ఊరికి దూరంగా ఓ అద్దె ఫ్లాటు, కొన్ని ల్యాప్‌టాప్‌లు, డజన్ల కొద్దీ ఫోన్లు, వాటి ముందు కూర్చునే కుర్రాళ్లు. పందెం కాసేవాడికి ఐడీ ఇవ్వడం, డబ్బు జమయిందో లేదో చూసుకోవడం, గెలిచినవాడికి పంపడం వాళ్ల పని. ఇందులో హ్యాకింగ్ లేదు, కోడింగ్ అసలే లేదు. కావలసిందల్లా రాత్రిళ్లు మేలుకోవడం, నోరు మూసుకోవడం, బ్యాంకు ఖాతాలు సంపాదించి పెట్టడం. చదువు మధ్యలో ఆపిన కుర్రాడికి అది కాల్ సెంటర్ ఉద్యోగంలాగే కనిపిస్తుంది. జీతం కాస్త ఎక్కువ. పోలీసులొచ్చేదాకా అది నేరమని ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఖారూన్ నది ఒడ్డున రాయపూర్‌కు పాత మహాదేవ్ ఘాట్ ఉంది. పున్నమినాడు జనం స్నానాలకు వెళ్లే ఆ పేరు గూగుల్‌లో కొడితే ముందొచ్చేది నదో, గుడో కాకపోవచ్చు.

మూడు విమానాలు, ఒక చిల్లర తగాదా
దుర్గ్ దాటి, శివనాథ్ నది దాటి అదే రోడ్డు మీద వెళితే రాజ్‌నంద్‌గావ్. రాయపూర్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. హాకీ ఆటగాళ్లకూ, ఇక్కడి దిగ్విజయ్ కాలేజీలో పాఠాలు చెప్పిన హిందీ కవి ముక్తిబోధ్‌కూ గుర్తుండే ఊరు. 2024 అక్టోబరులో ముంబయి పోలీసులు ఇక్కడికి వచ్చింది వేరే పని మీద.

ఆ నెల 14న ముంబయి నుంచి బయల్దేరాల్సిన మూడు అంతర్జాతీయ విమానాలకు ఎక్స్‌లో బాంబు బెదిరింపులు వచ్చాయి. ఇండిగో విమానాలు రెండు మస్కట్, జెడ్డాలకు వెళ్లాల్సినవి. న్యూయార్క్ వెళ్లే ఎయిరిండియా విమానం అప్పటికే గాల్లో ఉంది. దాన్ని ఢిల్లీకి మళ్లించి, 239 మందిని దించి సోదా చేశారు. ఏమీ దొరకలేదు. రెండ్రోజుల్లో పోలీసులు ఆ పోస్టుల జాడ పట్టుకుని రాజ్‌నంద్‌గావ్‌కు చేరారు. అదుపులోకి తీసుకున్నది 17 ఏళ్ల కుర్రాణ్ని. చదువు మధ్యలో మానేశాడు. పోలీసుల కథనం ప్రకారం, డబ్బు విషయంలో తగాదా వచ్చిన ఓ పరిచయస్తుణ్ని ఇరికించాలని అతని పేరుతో ఖాతా తెరిచి ఈ బెదిరింపులు పెట్టాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పాత రోజుల్లో ఇలాంటి తగాదా ఎక్కడ తేలేది? పాన్ డబ్బా దగ్గర. మహా అయితే చొక్కా చిరిగేది, ఎవరో పెద్దాయన ఇద్దరినీ కసిరి పంపేవాడు. చిల్లర కోపానికి చిల్లర శిక్ష. ఇప్పుడు అదే కోపం, అదే వయసు. చేతిలోని పనిముట్టు మాత్రం న్యూయార్క్ విమానాన్ని వెనక్కి తిప్పగలదు. కుర్రాడి మనసులో ఉన్నది వీధి కొలత, యంత్రానిది ప్రపంచ కొలత. ఈ రెంటి మధ్య తేడా పదిహేడేళ్ల వాడికి తట్టదు. తట్టాలంటే ఎవరైనా ముందే చెప్పి ఉండాలి.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఆ పోస్టులతో అంటురోగంలా మొదలై దేశమంతటా బెదిరింపులు వెల్లువెత్తాయి. 2024లో నవంబరు 13 నాటికే విమానయాన సంస్థలకు 999 ఉత్తుత్తి బెదిరింపులు వచ్చాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఇది దాదాపు పది రెట్లు. ఆ లెక్క ముగిసిన తేదీకి మర్నాడే, నవంబరు 14న, నాగపూర్ నుంచి కోల్‌కతా వెళుతున్న ఇండిగో విమానం బాంబు భయంతో రాయపూర్‌లోనే అత్యవసరంగా దిగింది. అందులోనూ ఏమీ దొరకలేదు. సిబ్బందికి ఆ మాట చెప్పి అరెస్టయింది మాత్రం కుర్రాడు కాదు, వయసొచ్చిన ప్రయాణికుడే.

హ్యాకరనే బిరుదు
ఇలాంటి కుర్రాళ్లను పత్రికలు, టీవీలు ఒక్క మాటలో 'హ్యాకర్' అనేస్తాయి. ఆ మాటలో తిట్టు కంటే పొగడ్తే ఎక్కువ. దానికి ప్రపంచం ఇచ్చిన మెరుపు అలాంటిది. 2000 ఫిబ్రవరిలో మాంట్రియల్‌కు చెందిన 15 ఏళ్ల 'మాఫియాబాయ్' యాహూ, ఈబే, సీఎన్ఎన్, అమెజాన్ సైట్లను కుప్పకూల్చాడు. 2015లో బ్రిటన్‌లో టాక్‌టాక్ కంపెనీ మీద జరిగిన దాడిలో నేరం ఒప్పుకున్న ఓ కుర్రాడు, స్నేహితుల ముందు గొప్ప కోసం చేశానని కోర్టుకు చెప్పాడు. 2020 జులైలో ఒబామా, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ ట్విటర్ ఖాతాల్ని చేజిక్కించుకుని బిట్‌కాయిన్లు దండుకున్న ముఠాకు సూత్రధారి ఫ్లోరిడాలోని 17 ఏళ్ల కుర్రాడు. లాప్సస్ ముఠాకు చెందిన ఆక్స్‌ఫర్డ్ యువకుడు బెయిలు మీద హోటల్లో ఉంటూ, లాప్‌టాప్ కూడా లేకుండా, టీవీకి ఫైర్ స్టిక్ తగిలించి, మొబైల్ ఫోను సాయంతో ఓ పెద్ద గేమ్ కంపెనీలోకి చొరబడ్డాడు. 2023 డిసెంబరులో కోర్టు అతణ్ని నిరవధికంగా ఆస్పత్రికి పంపింది.

వీళ్లలో చాలామంది బద్దలుకొట్టింది యంత్రాన్ని కాదు, మనుషుల నమ్మకాన్ని. ట్విటర్ విషయంలో జరిగింది ఉద్యోగులకు ఫోన్ చేసి మాయమాటలతో లోపలి తాళాలు రాబట్టడమే. రెండోది, డబ్బు తర్వాతే వచ్చింది. బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ 2017లో విడుదల చేసిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. కుర్రాళ్లను ఇందులోకి దించేది ముందుగా డబ్బు కాదు, తోటివాళ్ల మెప్పు, ఏదో సాధించామన్న తృప్తి. చాలామందికి ఇది గేమ్‌లలో మోసపు చిట్కాలతో మొదలవుతుంది.

రాజ్‌నంద్‌గావ్ కుర్రాడు వీళ్ల కోవలోకి రాడు. అతను ఏ కంప్యూటర్‌లోకీ చొరబడలేదు. ఇంకొకడి పేరు తగిలించుకున్నాడంతే. మన దగ్గర పట్టుబడే కుర్రాళ్లలో అత్యధికులు ఇలాంటి వాళ్లే. పేరు అరువు, ఖాతా అరువు, సిమ్ అరువు. హ్యాకరన్న బిరుదు కూడా అరువే.

అద్దెకు ఖాతా
అరువుల్లోకెల్లా ఖరీదైనది బ్యాంకు ఖాతా. 2024 నవంబరులో రాయపూర్‌లో ఓ మహిళను 'డిజిటల్ అరెస్టు' పేరుతో బెదిరించి 58 లక్షల రూపాయలు కాజేశారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదని అంతకు కొద్ది రోజుల ముందే ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. అయినా భయం రేడియో కంటే గట్టిగా మాట్లాడుతుంది.

ఇలా పోయిన డబ్బు దొంగ ఖాతాలోకి నేరుగా వెళ్లదు. నిమిషాల్లో ముక్కలై పది ఖాతాల్లోకి, అక్కణ్నుంచి మరో ముప్ఫై ఖాతాల్లోకి పాకుతుంది. చివర ఎక్కడో ఏటీఎంలో నోట్లుగానో, క్రిప్టోగానో మారిపోతుంది. మధ్యలోని ఆ ఖాతాలకే 'మ్యూల్' ఖాతాలని పేరు. అంటే బరువు మోసే కంచరగాడిదలు. వాటి యజమానులు ఎక్కువగా విద్యార్థులు, కూలీలు, నిరుద్యోగులు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఖాతాకు కట్టిన సిమ్ ఇస్తే కొన్ని వేలు చేతిలో పెడతారు. ఇచ్చేవాడికి అది దొంగతనం అనిపించదు. వాడని సైకిల్ అద్దెకిచ్చినట్టు ఉంటుంది. పోలీసులు జాడ తీసుకుంటూ వస్తే మొదట తగిలేది ఆ తలుపే. 2025 జనవరిలో రాయపూర్ రేంజి పోలీసులు 'ఆపరేషన్ సైబర్ షీల్డ్' పేరుతో ఇలాంటి ఖాతాదారుల్ని పదుల సంఖ్యలో అరెస్టు చేశారు. డబ్బు ఎక్కడికి పోయిందో వాళ్లలో చాలామందికి తెలియదు. ఎఫ్ఐఆర్‌లో పేరు మాత్రం వాళ్లదే.

ఇక్కడ విశాఖ రైలు దారి మళ్లీ తగులుతుంది. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారంలో శ్రీకాకుళం, విశాఖ యువకులు డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లి, అక్కడి కాంపౌండ్లలో బందీలై, స్వదేశంలోని వాళ్లనే ఫోన్లలో మోసగించాల్సి వచ్చింది. ఆ చివర ఫోన్ చేసేవాడు ఒక పల్లె కుర్రాడు, ఈ చివర ఖాతా అద్దెకిచ్చేవాడు ఇంకో పల్లె కుర్రాడు. మధ్యలో నష్టపోయేది పింఛను డబ్బు దాచుకున్న ఏ రిటైర్డ్ ఉద్యోగో. అసలు లాభం తిన్నవాడు ఈ మూడు చోట్లా కనిపించడు.

సొమ్ము పోగొట్టుకున్నవారు ఫిర్యాదు చేసే హెల్ప్‌లైన్‌ను 2021లో మొదట వాడుకలోకి తెచ్చిన ఏడు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో తెలంగాణతోపాటు ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. అప్పుడది 155260, ఇప్పుడు 1930. మొదటి గంటలో చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ. కానీ ప్రవాహం ముందు ఆ అడ్డుకట్ట ఎంత? 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ముందు ఏడాది అది 7,465 కోట్లు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2023లో నమోదైన సైబర్ కేసులు 86,420. కర్ణాటక, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ లెక్క ఇంకా వందల్లోనే ఉంది. నేరం తక్కువని సంతోషించాలో, నమోదు తక్కువని అనుమానించాలో చూసేవాళ్ల ఇష్టం.

ఖాళీ రోడ్లు, నిండిన ఫోల్డర్
పాత ఊరి నుంచి ఆగ్నేయంగా వెళితే కొత్త రాజధాని నవా రాయపూర్. 2018లో దానికి అటల్ నగర్ అని పేరు పెట్టారు. రెండు విమానాలు పక్కపక్కన దిగగలిగేంత వెడల్పు రోడ్లు, వాటి మీద అప్పుడో ఇప్పుడో ఓ కారు. సచివాలయం, లా యూనివర్సిటీ, క్రికెట్ స్టేడియం, 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ. భవిష్యత్తు ఇక్కడే కాపురం ఉంటుందని ప్రభుత్వ బ్రోషర్లు చెబుతాయి.

2025 అక్టోబరులో ఆ ట్రిపుల్ ఐటీ పేరు దేశమంతా వినిపించింది. 36 మంది విద్యార్థినుల ఫొటోలను కృత్రిమ మేధ సాయంతో అసభ్య చిత్రాలుగా మార్చాడన్న ఆరోపణపై తోటి విద్యార్థి ఒకణ్ని సంస్థ సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు. నేరం రుజువు కావలసింది కోర్టులో. కానీ ఆ 36 మందికి తీర్పు దాకా ఆగే వీలెక్కడ? వాళ్లు చేసిన పనల్లా అందరిలాగే ఫొటోలు పెట్టుకోవడం. రోజూ క్యాంటీన్‌లో ఎదురుపడే మనిషి తమ మొహాలతో ఏం చేశాడో విన్నాక ఆ క్యాంపస్ వాళ్లకు మునుపటిలా ఉండదు.

ఈ కేసు ఇంకో భ్రమను కూడా పోగొడుతుంది. చదువు లేకే కుర్రాళ్లు పాడవుతున్నారనడం తేలిక. ఇక్కడ అరెస్టయింది కఠినమైన ప్రవేశ పరీక్ష గట్టెక్కి వచ్చిన విద్యార్థి. కంప్యూటర్ తెలిసినంత మాత్రాన దాని అవతల మనిషి ఉందని తెలిసినట్టు కాదు. ఒకప్పుడు ఇలాంటి చిత్రం చేయాలంటే కొంత పనితనం కావలసి వచ్చేది. ఆ పనితనం నేర్చుకునేలోగా కొందరికైనా బుద్ధి వచ్చేది. ఇప్పుడా విరామం కూడా లేదు.

మానాలో రెండు గేట్లు
పాత ఊరికీ కొత్త రాజధానికీ మధ్య మానా. 1960ల్లో తూర్పు బెంగాల్ శరణార్థుల శిబిరంతో పేరుపడ్డ చోటు. విమానాశ్రయం ఇక్కడే ఉంది. చట్టంతో విభేదించిన బాలల్ని ఉంచే పరిశీలన గృహమూ ఇక్కడే. ఒక పోస్టుతో విమానాన్ని దించగల వయసు వాళ్లకు ప్రభుత్వం చూపించే గది, విమానాలు దిగే చోటికి అంత దగ్గరలో ఉండటం కావాలని చేసింది కాదు.

2015 నాటి బాల న్యాయ చట్టం ఈ పిల్లల పట్ల నిజానికి ఉదారంగానే ఉంటుంది. 18 నిండనివారిని నేరస్థులనకూడదు. పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టకూడదు. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబెట్టాలి. ఆ కేసు మచ్చ రేపటి ఉద్యోగానికి అడ్డు రాకూడదు. 16 దాటినవారిని పెద్దల్లా విచారించే వీలున్నది కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరాలకే. ఒకరి పేరు, పాస్‌వర్డ్ దొంగిలించినందుకు ఐటీ చట్టం 66సి కింద, మారుపేరుతో కంప్యూటర్ ద్వారా మోసగించినందుకు 66డి కింద పడే గరిష్ఠ శిక్ష మూడేళ్లు.

చిక్కు ఎక్కడంటే, ఈ ఉదారత పద్దెనిమిదో పుట్టినరోజుతో ఆగిపోతుంది. ఖాతా అద్దెకిచ్చినవాడికి పదిహేడేళ్ల పదకొండు నెలలైతే కౌన్సెలింగ్. ఒక నెల దాటితే సెంట్రల్ జైలు, పెద్ద ముఠాల పరిచయం. బుద్ధి మాత్రం ఆ రెండు రోజుల్లోనూ ఒకటే. ఇక ఉదారత ఉన్నచోట కూడా పని జరగాలి కదా! పరిశీలన గృహంలో కుట్టుమిషన్ నేర్పగలరు, వడ్రంగం నేర్పగలరు. ఫేక్ ఖాతా పెట్టి దొరికినవాడికి అతని తెలివిని ఎక్కడ పెట్టాలో చెప్పగలిగేవాళ్లు ఎందరున్నారు?

దారులు లేవని కాదు. 2016లో ప్రపంచాన్ని వణికించిన మిరాయ్ బాట్‌నెట్ సృష్టికర్తల్లో ఒకడు న్యూజెర్సీ విద్యార్థి పారస్ ఝా. 2018లో అమెరికా కోర్టు ఆ కేసులో అతణ్ని జైలుకు పంపలేదు. ఐదేళ్ల ప్రొబేషన్, 2,500 గంటల సమాజ సేవ విధించింది, ఎఫ్‌బీఐకి సైబర్ పరిశోధనల్లో సాయం చేయమంది. బ్రిటన్‌లో 'సైబర్ చాయిసెస్' పేరుతో ఓ కార్యక్రమం నడుస్తోంది. హద్దు దాటుతున్నట్టు కనిపించే పిల్లల గురించి తల్లిదండ్రులో, టీచరో చెబితే, కేసు కట్టకముందే వాళ్లతో మాట్లాడి, అదే తెలివికి చట్టబద్ధమైన పని చూపిస్తారు. నేరం జరిగాక తెరుచుకునే గేటు ఒకటి, జరగకముందే తెరుచుకునే గేటు ఇంకొకటి. మన దగ్గర మొదటిది బాగానే పని చేస్తోంది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చినప్పుడూ చర్చంతా నిషేధం చుట్టూనే తిరిగింది. ప్యానెల్ ముందు కూర్చున్న కుర్రాడు రేపటి నుంచి ఏం చేయాలన్నది ఆ చర్చలోకి రాలేదు.

చెరువులో కుర్రాడు
సాయంత్రం రాయపూర్ జనం చెరువుల దగ్గరికి చేరతారు. సంపన్నులు, ప్రేమికులు తేలీబాంధా గట్టుకు. దానికి మెరైన్ డ్రైవ్ అని ముద్దుపేరు. పాత ఊరివాళ్లు బూఢా తాలాబ్‌కు. శతాబ్దాల నాటి ఈ చెరువు మధ్యలో వివేకానందుడి పెద్ద విగ్రహం ఉంటుంది. విమానాశ్రయానికీ ఆయన పేరే. కారణం ఉంది. 1877లో, 14 ఏళ్ల నరేంద్రుడు తండ్రి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి, ఈ చెరువు పక్కనున్న బుఢాపారాలో సుమారు రెండేళ్లు ఉన్నాడు. అప్పట్లో రాయపూర్‌లో చెప్పుకోదగ్గ బడి లేదని జీవితచరిత్రలు చెబుతాయి. కుర్రాడు చేసిందల్లా ఇంట్లో కూర్చోవడం, తండ్రి విశ్వనాథ దత్త దగ్గర చదువుకోవడం, ఇంటికొచ్చే పెద్దమనుషుల వాదనలు వినడం, సందు దొరికితే తానూ వాదించడం. 1879లో కుటుంబం కలకత్తాకు తిరిగి వెళ్లింది.

బడి లేని ఊరది. ఇప్పుడు బడులున్నాయి, కాలేజీలున్నాయి, ఎన్ఐటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది, ప్రతి జేబులో ప్రపంచంలోని పుస్తకాలన్నీ ఉన్నాయి. తక్కువైనది ఒక్కటే. కుర్రాడు ఏం చేస్తున్నాడో అర్థం చేసుకుని, అతనితో వాదనకు దిగగల పెద్ద. ఫోను విషయంలో ఇంట్లో కుర్రాడే గురువు, తండ్రి శిష్యుడు. పాస్‌వర్డ్ పెట్టిచ్చేదీ అతనే, బ్యాంకు యాప్ దించిపెట్టేదీ అతనే. తనకు తెలియని పనిలో కొడుకు తప్పటడుగు వేస్తుంటే తండ్రి కనిపెట్టడమెలా? కనిపెట్టినా ఎవరితో చెప్పడం? ఠాణాకు వెళితే కేసవుతుంది. ఊరుకుంటే ముదురుతుంది.

డబ్బు పోయాక చేయడానికి 1930 ఉంది. అది మంచి సంగతి, వెంటనే చేయండి. కొడుకు చేతిలోకి అకస్మాత్తుగా వచ్చిన డబ్బు చూసి అనుమానపడ్డ తండ్రి చేయడానికే పెట్టిన నంబరు మాత్రం రాయపూర్‌లోనూ లేదు, విశాఖలోనూ లేదు. చట్టానికి పాతికేళ్లు నిండాయి. అంటే తానే ఓ తండ్రిలా ఆలోచించాల్సిన వయసు దానికి వచ్చింది.